అన్నీ ఆర్గానిక్ కొనలేనప్పుడు ఏవి కొనాలి, ఎవరి దగ్గర కొనాలి

పురుగు మందుల భయంతో ఇంట్లో కూరగాయలన్నీ ఆర్గానిక్‌కి మార్చేద్దామని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రెండు మూడు నెలల్లో ఆపేస్తారు. ధర ఒక కారణం. కావలసిన కూర కావలసిన రోజు దొరకకపోవడం ఇంకో కారణం. ఆ సంచిలో ఉన్నది నిజంగా మందు కొట్టనిదేనా అన్న అనుమానం అన్నిటికంటే పెద్ద కారణం. నాకు తెలిసిన దారి ఒకటే. ఆర్గానిక్ కోసం నెలకి ఎంత అదనంగా పెట్టగలరో ముందే అనుకోండి. ఆ డబ్బంతా మందు ఎక్కువగా నిలిచే కొద్ది సరుకుల మీదే పెట్టండి. మిగతావి రైతు బజార్లో కొని, బాగా కడిగి, చెక్కు తీయగలిగినవి తీసి వండుకోండి. ఉల్లిపాయలు, అరటిపళ్లు, కొబ్బరికాయలు స్టిక్కరు చూసి రెట్టింపు ధరకి కొంటూ, కరివేపాకు మాత్రం కూరగాయల బండిమీద కొసరుగా వేసిందే వాడుతుంటే లెక్క తలకిందులైనట్టే.

ఇంకో మాట ముందే చెప్పాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఐసీఎంఆర్ అనే కేంద్ర వైద్య పరిశోధన మండలిలో భాగం) 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు రోజుకి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. మన ఇళ్లలో చాలావాటిలో అందులో సగం కూడా తినరు. ఆర్గానిక్ ఖరీదని కూర తగ్గించి అన్నం, పచ్చడితో సరిపెట్టుకుంటే నష్టమే ఎక్కువ. మామూలు కూరైనా కడుపునిండా తినడమే మేలు.

ఆర్గానిక్ వల్ల ఒంట్లోకి వెళ్లే మందు నిజంగా తగ్గుతుందా? తగ్గుతుంది. అమెరికాలోని సియాటిల్‌లో 23 మంది పిల్లలకి ఐదు రోజులపాటు ఆర్గానిక్ తిండి పెట్టి మూత్రం పరీక్షించారు. మలాథియాన్, క్లోరోపైరిఫాస్ అనే పురుగు మందుల ఆనవాళ్లు దాదాపు కనిపించనంతగా పడిపోయాయి. మళ్లీ మామూలు తిండికి రాగానే అవీ తిరిగొచ్చాయి. ఈ పరిశోధన 2006లో అచ్చయింది. 343 పరిశోధనలను కలిపి చూసిన 2014 నాటి సమీక్ష కూడా, మామూలు పంటల్లో మందు అవశేషాలు కనిపించే అవకాశం ఆర్గానిక్ కంటే నాలుగు రెట్లని తేల్చింది. పోషకాల విషయంలో మాత్రం అంత గట్టి రుజువు లేదు. కాబట్టి ఆర్గానిక్‌లో విటమిన్లు ఎక్కువని ఎవరైనా చెబితే దానికోసం డబ్బు పెట్టకండి. మందు తగ్గించుకోవడానికి పెట్టండి.

కోత ఎన్ని రోజులకి? ముందు అది చూడండి

మందు డబ్బా మీద, కొట్టిన తర్వాత ఎన్ని రోజులు ఆగి కోయాలో రాసి ఉంటుంది. కొన్నిటికి మూడు రోజులు, కొన్నిటికి వారం, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ఆ గడువు ఆగితే ఎండకీ గాలికీ మందు చాలావరకు విరిగిపోతుంది. ఏ కూరలో మందు ఎక్కువో తెలుసుకోవాలంటే, ఆ పంటకి ఈ గడువు పాటించే వీలుందా అని చూస్తే చాలు.

బెండకాయ సంగతే తీసుకోండి. కాపు మొదలయ్యాక రోజు మార్చి రోజు కోయాల్సిందే. ఒక్క కోత తప్పినా కాయ ముదిరిపోతుంది, ముదిరిన బెండని బజార్లో ఎవరూ ముట్టుకోరు. అదే సమయంలో పచ్చదోమ, తెల్లదోమ, కాయ తొలిచే పురుగు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. రైతు పొద్దున కోసి సాయంత్రం మందు కొడితే, మళ్లీ కోత ఎల్లుండే. డబ్బా మీద ఐదు రోజులు ఆగమని ఉన్నా ఆగితే ఆ కోతలు పోతాయి. ఇందులో రైతు దుర్మార్గం ఏమీ లేదు. పంట తీరే అంత. వంకాయదీ ఇదే కథ. గుడ్డులోంచి బయటపడ్డ పురుగు కొన్ని గంటల్లోనే మొవ్వులోకో కాయలోకో దూరిపోతుంది. లోపలికి వెళ్లాక పైన కొట్టే మందు దానికి తగలదు. అందుకని దూరకముందే తగలాలని పదేపదే కొడతారు. పచ్చిమిర్చి, టమాటా, దొండ కూడా ఇలా కోతల మీద కోతలు తీసే పంటలే.

మామిడిలో లెక్క వేరు. పూత మీద తేనె మంచు పురుగు పడినప్పుడు గట్టిగానే మందు కొడతారు కానీ, పూత నుంచి కాయ కోతకి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. పైగా తొక్క తీసే తింటాం. మామిడిలో నేను భయపడేది పురుగు మందుకి కాదు, కార్బైడ్‌కి. కార్బైడ్‌తో మాగబెట్టడం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువుతో, 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద) దాటకుండా, మాగబెట్టడానికే అనుమతి ఉంది. అందుకే బంగినపల్లికి ఆర్గానిక్ స్టిక్కరు కంటే, కాయగా కొని ఇంట్లో గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో మాగబెట్టుకోవడం మీద నాకు నమ్మకం ఎక్కువ.

రెండోది, మందు ఎక్కడ పడుతుంది, మనం ఏ భాగం తింటాం అన్నది. సైపర్‌మెత్రిన్ లాంటివి పైనే ఉండి పనిచేస్తాయి. వాటిని కొంతవరకు కడగొచ్చు. ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్ లాంటివి మొక్కలోకి ఇంకి, రసంతోపాటు ఆకుకీ కాయకీ వెళ్తాయి. లోపలికి చేరినదాన్ని ఏ ఉప్పునీళ్లూ తీయలేవు. మిరప, పత్తి, బెండ, వంగ రైతులు రసం పీల్చే పురుగులకి కొట్టేవి ఎక్కువగా ఈ రెండో రకమే.

ఆర్గానిక్ డబ్బు వీటిమీద పెట్టండి

నా లెక్కలో మొదటిది కరివేపాకు. ఇంత చిన్న ఆకుకి ఇంత పెద్ద స్థానమా అంటారేమో. బరువుతో పోలిస్తే ఆకు విస్తీర్ణం చాలా ఎక్కువ, కాబట్టి పిచికారీ అంతా దానిమీదే నిలుస్తుంది. ఆకు మీద చిన్న మచ్చ ఉన్నా, అంచు కొంచెం కొరికి ఉన్నా మార్కెట్లో ధర పడిపోతుంది. చిగురు వేసిన ప్రతిసారీ రసం పీల్చే పురుగులు, నిమ్మజాతి చెట్లని తినే గొంగళి పురుగు వస్తాయి. మచ్చలేని నున్నటి ఆకు కట్టలు కట్టి లారీకి ఎక్కాలంటే మందు తప్పదు. గుంటూరు జిల్లా పెదవడ్లపూడి చుట్టుపక్కల నుంచి దూరప్రాంతాలకి వెళ్లే ఆకు ఇలా పెరిగేదే. యూరప్ దేశాలు మన దేశపు కరివేపాకుని మందు అవశేషాల కోసం ప్రత్యేక తనిఖీ జాబితాలో పెట్టి ఏళ్ల తరబడి పరీక్షించాయి. బెండకాయా ఆ జాబితాలో ఉంది. రసంలో వేసిన ఆకు తీసి పక్కన పెట్టేవాళ్లకి కొంత తక్కువ. కరివేపాకు పొడి చేసుకునేవాళ్లు మాత్రం మొత్తం తింటారు. దీనికి ఆర్గానిక్ కొనడం కంటే సులువైన దారి ఉంది. పెద్ద కుండీలో ఒక మొక్క, నాలుగైదు గంటల ఎండ చాలు. ఆకు కొరికిన గొంగళిని చేత్తో తీసి పారేస్తే సరిపోతుంది.

రెండోది ఎండుమిర్చి, కారం. పచ్చి పండుమిర్చి ఎండితే బరువు బాగా తగ్గుతుంది. నీరు పోతుంది కానీ మందు చాలావరకు అలాగే ఉండిపోతుంది. అంటే కిలోకి లెక్కేస్తే అవశేషం ఎన్నో రెట్లు చిక్కబడుతుంది. పైగా ఎండుమిర్చిని కడిగి వాడం, తొక్క తీయం. 2021 నుంచి నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిరపని ముంచెత్తాక రైతులు పిచికారీలు ఇంకా పెంచారు. పెంచినా చాలామంది పంట కోల్పోయారు. సంవత్సరానికి సరిపడా కారం కొట్టించుకునే ఇళ్లకి ఇది ఒక్కసారి పెట్టే ఖర్చు. ఆవకాయలోకీ అదే కారం పోతుంది. నెలనెలా రకరకాల ఆర్గానిక్ ప్యాకెట్లు కొనడం కంటే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో నమ్మకమైన రైతు దగ్గర ఏడాది మిర్చి తీసుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

తర్వాత ద్రాక్ష. తొక్కతోనే తింటాం, గుత్తి లోపలికి నీళ్లు సరిగా వెళ్లవు, బూజు తెగులుకీ బూడిద తెగులుకీ కాపు ఉన్నంతకాలం కొడుతూనే ఉంటారు. ఎగుమతి ద్రాక్షని పుణెలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం నడిపే పర్యవేక్షణలో తోటవారీగా పరీక్షిస్తారు. మన బజారుకి వచ్చే పండుకి అలాంటి పరీక్ష లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ద్రాక్ష తగ్గించి సీతాఫలం, జామ, బొప్పాయి పెంచడం నాకు సబబుగా తోస్తుంది. కొండల్లో, గట్ల మీద పెరిగే సీతాఫలానికి, బాలానగర్ రకమైనా సరే, మందు కొట్టే అవసరమే చాలా తక్కువ.

క్యాలీఫ్లవర్, కొత్తిమీర, పుదీనా, పాలకూర, బెండ, వంకాయ, పచ్చిమిర్చి కూడా ఈ కోవలోకే వస్తాయి. క్యాలీఫ్లవర్ పువ్వులో పడ్డ మందు మడతల్లోనే ఉండిపోతుంది. క్యాబేజీకి ఆ ఇబ్బంది తక్కువ. పైన రెండు మూడు ఆకులు తీసేస్తే చాలావరకు పోతుంది. ఆకుకూరల విషయంలో ఇంకో సంగతి ఉంది. హైదరాబాద్ దిగువన మురుగు కలిసిన మూసీ నీళ్లతో పెంచే ఆకుకూరలకి పురుగు మందు కొట్టకపోయినా ఆ నీళ్లే పెద్ద సమస్య. అందుకే ఆకుకూర ఎక్కడ కొన్నా ముందు నీళ్ల గురించి అడగాలి.

వీటికి ఎక్కువ డబ్బు అక్కర్లేదు

ఉల్లి, వెల్లుల్లి, కంద, చామ, చిలగడదుంప, పచ్చి అరటి, మునక్కాయ, గుమ్మడి, పనస, కొబ్బరి, పుచ్చకాయ, అరటిపండు. ఇవి సీజన్లో మామూలువే తీసుకోండి. కందిపప్పుకి చేలో కాయ తొలిచే పురుగు మందు పడ్డా, గింజ కాయ లోపల ఉంటుంది, పైపొట్టు కూడా తీసేస్తారు. జొన్న, కొర్ర, సామ లాంటి వాటికి ఈ ప్రాంతంలో మందు కొట్టడం మొదట్నుంచీ తక్కువే. తాటి ముంజలు, నేరేడు, రేగి, వెలగ, ఈతపళ్లు వచ్చినప్పుడు వదలకండి. పొన్నగంటి, గంగవాయిలి, అవిసె పువ్వు, మునగాకు కూడా మందు ఎరగని కూరలే. కాకపోతే మందు కొట్టే చేను గట్టు మీద కోసింది కాకుండా చూసుకోవాలి.

బియ్యం విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజూ ఎక్కువగా తినేది అదే. అగ్గి తెగులుకీ దోమపోటుకీ కొట్టే మందుల్లో కొంత గింజ పైపొర తవుడులో ఉంటుంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో అది చాలావరకు పోతుంది. ఎక్కువ నీళ్లతో వండి గంజి వారిస్తే ఇంకొంత పోతుంది. ఆరోగ్యం కోసమని దంపుడు బియ్యం, ముడి బియ్యం తినేవాళ్లు తవుడుతో సహా తింటారు కాబట్టి, ఆర్గానిక్ బియ్యం ముందుగా కావలసింది వాళ్లకే. పాలిష్ బియ్యం తినే ఇంట్లో బియ్యానికి పెట్టే అదనపు డబ్బు కారం మీద, ఆకుకూరల మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

ఎవరి దగ్గర కొనాలి

సూపర్ మార్కెట్లో ఆర్గానిక్ ప్యాకెట్ కొంటే కాగితాలు చూడగలరు. దాని అసలైన లాభం అదే. 2017 ఆర్గానిక్ ఆహార నిబంధనల ప్రకారం ప్యాకెట్‌కి రెండు దారుల్లో ఏదో ఒకటి ఉండాలి. ఒకటి ఎన్‌పీఓపీ. ఇది కేంద్ర ప్రభుత్వ ఎగుమతుల సంస్థ అపెడా నడిపే సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, బయటి సంస్థ వచ్చి పొలం తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. రెండోది పీజీఎస్ ఇండియా, కనీసం ఐదుగురు రైతులు ఒక గుంపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి. ప్యాకెట్ తిప్పి చూస్తే 'జైవిక్ భారత్' గుర్తు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, మొదటి దారిలో వచ్చినదైతే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు, 'ఎన్‌పీఓపీ/ఎన్‌ఏబీ' అని మొదలయ్యే దాని నంబరు కనిపించాలి. 'నేచురల్', 'ఫార్మ్ ఫ్రెష్', 'కెమికల్ ఫ్రీ', 'దేశవాళీ' అని పెద్ద అక్షరాల్లో ఉండి ఇవేవీ లేకపోతే దాన్ని మామూలు సరుకుగానే లెక్కేయండి.

పీజీఎస్‌లో రెండు మెట్లున్నాయి. మారే దశలో ఉన్న పొలానికి 'పీజీఎస్ గ్రీన్', మార్పు పూర్తయినదానికి 'పీజీఎస్ ఆర్గానిక్'. ఎన్‌పీఓపీలో ఏడాది పంటలకి మామూలుగా రెండేళ్లు, పండ్ల తోటల్లాంటి బహువార్షికాలకి మూడేళ్లు మార్పు కాలం. గ్రీన్ అని ఉంటే వద్దనకండి. మందు మానేసినా ఇంకా పూర్తి ధర రాని కష్టకాలంలో ఉన్న రైతు సరుకు అది. అవశేషాల పరంగా మామూలు సరుకు కంటే చాలా నయం, ధర కూడా కొంత తక్కువ ఉండొచ్చు.

ప్యాకెట్‌తో ఇబ్బంది ఏమిటంటే బియ్యం, పప్పు, కారం లాంటి నిలవ సరుకులకి అది బాగా పనికొస్తుంది కానీ, బెండకాయకీ కొత్తిమీరకీ అంతగా పనికిరాదు. తాజా కూరకి ప్యాకింగు, రవాణా, చల్లని గది, మిగిలిపోయిన సరుకు ఖర్చు అన్నీ కలిసి ధర పెరిగిపోతుంది, కూరేమో వడిలిపోయి ఉంటుంది. తాజా కూరలకి నేరుగా అమ్మే రైతే మంచి ఎంపిక.

చిన్న రైతు నేరుగా మీకు అమ్మితే, ఏడాది అమ్మకం 12 లక్షలు దాటనంత వరకు, సర్టిఫికెట్ అక్కర్లేదని నిబంధన. ఆ రైతు జైవిక్ భారత్ గుర్తు వేసుకోకూడదు, అంతే. కాబట్టి కాగితం లేదని అనుమానించకండి, కాగితానికి బదులు ప్రశ్నలు అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఉన్న రైతులు చాలాచోట్ల స్టాళ్లు పెడతారు, కొన్ని రైతు బజార్లలో కూడా దొరుకుతారు. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని ఒక ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. అందులో 20 సెంట్లలో రకరకాల కూరలు కలిపి వేసే పద్ధతిని 'ఎనీ టైమ్ మనీ' అని పిలుస్తారు. ఒక మడిలో ముల్లంగి, పక్కనే తోటకూర, మధ్యలో వంగ, గట్టున కంది. పురుగు ఒక పంట నుంచి ఇంకో పంటకి పాకడానికి ఇబ్బందిపడే అమరిక ఇది. ఇలాంటి మడి నుంచి వచ్చే సంచిలో ఒకే కూర పదికిలోలు ఉండదు, అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. నాకు నమ్మకం కలిగించే మొదటి గుర్తు అదే.

అయితే ఒక జాగ్రత్త. ప్రకృతి వ్యవసాయం అన్న రైతు తన నాలుగెకరాల్లో అరెకరమే ఆ పద్ధతిలో చేస్తూ, మిగతాది మామూలుగా చేస్తుండొచ్చు. అందులో తప్పేం లేదు. మీకు అమ్మేది ఏ చెక్కలోదో మాత్రం తెలియాలి. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి వచ్చి పడుతుంది కూడా. ఊరు ఊరంతా మందు మానేస్తే ఆ బెడద ఉండదు. ఉమ్మడి వరంగల్ జిల్లా ఏనెబావి అలా మారిన ఊరే, అంతకుముందే ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల పురుగు మందులకి స్వస్తి చెప్పింది.

'రెసిడ్యూ ఫ్రీ' అని ఇంకో రకం వస్తోంది. ఇది ఆర్గానిక్ కాదు. రసాయన ఎరువులూ మందులూ వాడతారు కానీ, గడువు పాటించి కోసి, ల్యాబు పరీక్షలో అవశేషం పరిమితి లోపల ఉందని చూపించి అమ్ముతారు. మీ బాధంతా ఒంట్లోకి వెళ్లే మందు గురించే అయితే ఇది చెడ్డ ఎంపికేం కాదు, ముఖ్యంగా ద్రాక్ష, దానిమ్మ లాంటి వాటికి. కానీ ఆ పరీక్ష ఎప్పుడో ఒకసారి చేసిందా, మీ చేతిలో ఉన్న బ్యాచ్‌దా అని అడగండి. బ్యాచ్ రిపోర్టు చూపించలేనివాళ్లకి అదనపు ధర ఇవ్వక్కర్లేదు.

నాకైతే ధర సమానమైతే ప్రకృతి వ్యవసాయ రైతు దగ్గరే కొనాలని ఉంటుంది, దానికి కారణం మన పళ్లెం దాటి ఉంది. మందు మొదట చేరేది కొట్టేవాళ్ల ఒంట్లోకి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఆ విషం ఒంటికెక్కి సుమారు ఇరవై మంది చనిపోయారు. మాస్కు లేకుండా, లుంగీ మీద, వీపున ట్యాంకు మోస్తూ ఎదురుగాలిలో కొట్టే కూలీలని మన ఊళ్లలోనూ రోజూ చూస్తాం. రెసిడ్యూ ఫ్రీ పండు మనల్ని కాపాడుతుంది, వాళ్లని కాపాడదు.

మిద్దె తోట గురించి కొంచెమే చెబుతాను. మొత్తం కూర పండించాలని మొదలుపెడితే అలసిపోతారు. కరివేపాకు, పుదీనా, కొత్తిమీర, నాలుగు పచ్చిమిర్చి మొక్కలు, ఒక తొట్టి తోటకూర చాలు. పైన ఎక్కువ మందు నిలుస్తుందని చెప్పినవాటిలో సగం ఇంట్లోనే తయారవుతాయి.

రైతుని ఏం అడగాలి

మీరు ఆర్గానిక్కేనా అని అడిగితే అవుననే జవాబు వస్తుంది. 'ఈ వంకాయకి పురుగు పడితే ఏం కొడతారు?' అని అడగండి. నిజంగా చేసేవాళ్లు అరగంట చెబుతారు. వేపగింజల కషాయం, నీమాస్త్రం, దశపర్ణి, పుల్లటి మజ్జిగ, జిగురు పూసిన పసుపు రంగు పళ్లేలు, లింగాకర్షక బుట్టలు, పురుగు పట్టిన మొవ్వులు తుంచి పారేయడం. 'మా దగ్గర పురుగే రాదు' అన్నవాళ్లని నమ్మకండి. 'బయో మందు కొడతాం' అంటే ఏ కంపెనీదో చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు లేని బయో సీసాల్లో రసాయన మందు కలిపి అమ్మడం రైతులకి పాత సమస్య. ఆ రైతు నిజాయితీగానే వాడుతుండొచ్చు, కూరలో మాత్రం మందు ఉంటుంది.

'ఈ వారం మీ దగ్గర ఏది లేదు?' అన్నది నాకు ఇష్టమైన ప్రశ్న. ఏడాది పొడుగునా అన్ని కూరలూ ఉండే ఆర్గానిక్ అంగడి ఎక్కడో బయట కొంటోందని అర్థం. మే నెలలో మైదాన ప్రాంతపు క్యాలీఫ్లవర్ ఆర్గానిక్ అంటే నేను కొనను. పుచ్చు ఉంటే మందు కొట్టలేదన్న నమ్మకం కూడా పెట్టుకోకండి. మందు కొట్టినా పురుగు చావని కాయల్లోనూ పుచ్చు ఉంటుంది.

ఇంట్లో కడగడం

ఎక్కువ ఫలితం ఇచ్చేది ధారగా పడే కుళాయి నీళ్లే. అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రం పరీక్షిస్తే 12 మందుల్లో 9 మామూలు నీటి ధారతోనే తగ్గాయి. కూరగాయలు కడిగే ద్రావణాలు అంతకంటే ఏమీ ఎక్కువ చేయలేదు. పనిచేసేది నీటి ఒరిపిడి. అందుకే గిన్నెలో ముంచి తీయడం కంటే, ధార కింద చేత్తో రుద్దుతూ అరనిమిషం కడగండి.

నానబెట్టాలనుకుంటే వంటసోడా మంచిది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం 2017లో ఆపిల్స్ మీద చేసిన పరీక్షలో, లీటరు నీళ్లకి 10 గ్రాముల సోడా కలిపి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచితే, పైనున్న మందుల్లో థయాబెండజోల్ 80 శాతం, ఫాస్మెట్ 96 శాతం పోయాయి. తొక్కలోకి ఇంకింది మాత్రం పోలేదు. పది గ్రాములంటే సుమారు రెండు చిన్న చెంచాలు. ఉప్పు, చింతపండు నీళ్లు కూడా కొంత పనిచేస్తాయి, రెండు శాతం చొప్పున, అంటే లీటరుకి 20 గ్రాములు. నానాక మళ్లీ ధార కింద కడగాలి. పసుపు నీళ్ల మీద ఆశ పెట్టుకోకండి, సబ్బు అసలు వాడకండి. ఆకుకూరని తరగకముందే కడగాలి.

ఆర్గానిక్ కూరని కూడా ఇలాగే కడగాలి. పేడ, పేడతోనే చేసే జీవామృతం వాడిన మడిలో పెరిగిన కొత్తిమీర పచ్చిగా తింటాం కదా. ఆర్గానిక్‌లో మందు సున్నా అని కూడా అనుకోకండి. మన నిబంధనల్లో దానికి పెట్టిన పరిమితి మామూలు ఆహారానికి ఉన్నదాంట్లో 5 శాతం, లేదా ల్యాబు కొలవగలిగే కనీస స్థాయి, ఏది ఎక్కువైతే అది.

ఇంటిని బట్టి ఎంపిక

నెలకి అయిదారు వందలు మించి అదనంగా పెట్టలేని ఇంటికి కరివేపాకు, పుదీనా కుండీలు, ఏడాదికోసారి నమ్మకమైన మిర్చి, మిగతావన్నీ రైతు బజారు. బెండ, వంకాయ వారానికి రెండుసార్లకి తగ్గించి బీర, సొర, గుమ్మడి, మునక్కాయ, అరటికాయ పెంచండి. ఖర్చు లేకుండా మందు తగ్గే దారి ఇది.

గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు ఉన్న ఇంటికైతే ఇంకొంచెం గట్టిగా చెబుతాను. పిల్లలు ఒంటి బరువుతో పోలిస్తే పెద్దవాళ్ల కంటే ఎక్కువ తింటారు. అదే అవశేషం వాళ్లకి ఎక్కువ మోతాదు అవుతుంది. కొన్నేళ్లపాటైనా ఆకుకూరలు, బెండ, వంకాయ, పండ్లు తెలిసిన రైతు దగ్గర తీసుకోండి. వారానికో సంచి పద్ధతి అయితే ధర కొంత తగ్గుతుంది. ఆ వారం వచ్చిందే వండుకోవడం అలవాటైతేనే ఇది నిలుస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు, మందు ఎక్కువున్న పన్నెండు పంటలని చెప్పే అమెరికా 'డర్టీ డజన్' జాబితా పట్టుకుని స్ట్రాబెర్రీ, పాలకూర ఆర్గానిక్ కొంటారు. అక్కడి పరీక్షల మీద కట్టిన జాబితా కాబట్టి అక్కడి కూరలకి అది సరైనదే. కానీ అందులో కరివేపాకు, దొండకాయ వెతికినా దొరకవు. ఇండియన్ స్టోరులో కొనే కరివేపాకు, ఎండుమిర్చి కూడా మీ జాబితాలో చేర్చుకోండి. కరివేపాకు మొక్క కావాలంటే మీ ప్రాంతపు నర్సరీలోనే కొనండి. నిమ్మజాతి తెగులు మోసే పురుగు దానిమీద బతుకుతుందని అమెరికాలో మొక్కల రవాణా మీద ఆంక్షలున్నాయి.

అపార్ట్‌మెంటులో ఇరవై ముప్పై ఇళ్లు ఒకే రైతు దగ్గర తీసుకుంటుంటే, కలిసి ఒకసారి పరీక్ష చేయించండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులని పరిశీలించి గుర్తించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో అన్ని మందులూ ఒకేసారి చూసే పరీక్షకి కొన్ని వేలు అవుతుంది. ఇంటికి పంచుకుంటే ఒక రోజు కూరల ఖర్చంత. నమూనా మీరే తీయండి, ముందు చెప్పకుండా, వంకాయో పచ్చిమిర్చో లాంటి కష్టమైన పంటది. రిపోర్టులో మందుల పేర్లు వరసగా ఉండి ఎదురుగా 'బీఎల్‌క్యూ' అని ఉంటే, కొలవగలిగే స్థాయిలో లేదని అర్థం. ఏదైనా అంకె కనిపిస్తే గొడవకి దిగకముందు ఆ కాగితం రైతు చేతిలో పెట్టి, ఆ మందు పేరు చదివి, ఎక్కడి నుంచి వచ్చిందో ఇద్దరూ కలిసి వెతకండి. పక్క చేనుదా, కొన్న బయో సీసాదా, అప్పుగా తెచ్చిన స్ప్రేయర్ ట్యాంకులో మిగిలినదా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.